ఇంటికి మిగిలేదెంత?

కాజీపేట నుండి సికింద్రాబాదుకు రైలులో దాదాపు 130 కిలోమీటర్లు. రైల్వేవారు 150 కిలోమీటర్ల వరకు నెలవారీ సీజన్ టికెట్ ఇస్తారు గనుక, రోజూ ఆ దారిన ఉద్యోగానికి వెళ్లి వచ్చేవారున్నారు. పట్నంలో కట్టవలసిన అద్దె మిగులుతుంది, నిజమే. అయితే ఇంటి గడప నుండి ఆఫీసు గడపకు మూడు గంటలనుకోండి. రానుపోను ఆరు. నెలకు 25 రోజులైతే 150 గంటలు. అంటే రాత్రింబవళ్లు కలిపి ఆరు రోజులకు పైగా ప్రయాణంలోనే!

తండ్రి బయలుదేరేసరికి బిడ్డ నిద్రలో ఉంటుంది. తిరిగి వచ్చేసరికి మళ్లీ నిద్రలోనే.

సహోదరుడా, మిగిలే అద్దెను కాగితం మీద వ్రాయి. ప్రక్కనే ఆ గంటలను వ్రాయి. వృద్ధులైన తల్లిదండ్రుల కొరకే ఊరిలో ఉన్నావా? ఆ గంటలు వ్యర్థం కావు. కేవలం అద్దె కొరకేనా? ఆ కాగితాన్ని ఈ రాత్రే నీ భార్య ముందుంచు. ఆమె లెక్క వేరుగా ఉండవచ్చును.