ఆనకట్టలు – చేపల ప్రయాణము



పెదకూరపాడునకు ఉత్తరమున కృష్ణానది పారుచున్నది. ఆ నీటిని గూర్చి ఎకరముల లెక్క చెప్పువారు కలరు, విద్యుచ్ఛక్తి లెక్క చెప్పువారు కలరు. చేపల లెక్క చెప్పువారు అరుదు. వల వేసి బ్రదుకువానికి మాత్రము అదియే మొదటి లెక్క.

చేపకు ఆనకట్టతో రెండు చిక్కులు: ఎక్కుట యొకటి, దిగుట యొకటి. ఎక్కుట ఎట్లు తప్పిపోవునో గోదావరి చూపినది. వరదకాలమున గ్రుడ్లు పెట్టుటకై సముద్రమునుండి ఎదురీదివచ్చు పులస ధవళేశ్వరము కడ ఆగిపోవును. కాటన్ దొర ఆ ఆనకట్టను 1852లో ముగించెను. కృష్ణకు బెజవాడ ఆనకట్ట 1855లోను, దానికి బదులుగా ప్రకాశం బ్యారేజి 1957లోను వచ్చినవి. మెట్లు కట్టిన చాలునని కొందరందురు. అమెరికాలో కొలంబియా నదిపై బానెవిల్ ఆనకట్టకు మెట్లు కట్టిరి. అచటి సాల్మన్ చేప ఎగిరి దూకును. పులసకు ఆ దూకు లేదు. ఒకరికి కుట్టిన చొక్కా వేరొకరికి పట్టునా?

దిగుట మరింత కనబడని చిక్కు. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయమునకు కానూరి లక్ష్మణరావుగారి పేరు పెట్టిరి. దాని ఎడమ ఒడ్డున, తెలంగాణ వైపు, విద్యుత్కేంద్రము కలదు. జలాశయమునుండి క్రిందికి వచ్చు చేప గేట్లమీదుగా పడవలెను, లేదా చక్రముల గుండా పోవలెను. చక్రపు రెక్క తగులుట ఒక గండము. పొడవైన చేపకు దెబ్బ తగులు అవకాశ మెక్కువ, కావున వాలుగకు భయము హెచ్చు. ఒత్తిడి మారుట రెండవ గండము. పది మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. ఆ లోతున మసలిన చేప క్షణములో చక్రము దాటగా, దాని కడుపులోని గాలితిత్తి ఉబ్బును, ఒక్కొక్కప్పుడు పగులును. గోలీసోడా కొట్టినపుడు పొంగు వాయువును చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

మరి ఎన్ని బ్రదికినవో తెలియుట ఎట్లు? గుర్తు కట్టిన చేపలను రెండు గుంపులుగా విడుతురు: ఒకటి చక్రమునకు పైన, వేరొకటి క్రింద. క్రింది గుంపులో నూటికి 96, పై గుంపులో 84 బ్రదికిన వనుకొందుము. 84ను 96చే భాగింప నూటికి 87½ వచ్చును. తక్కిన 12½ చక్రము తీసిన ప్రాణములు. క్రింది గుంపు లేనిచో, పట్టుటలోను మోయుటలోను చచ్చినవికూడ చక్రము ఖాతాలోనే పడును. పట్టిన చేపను రెండుదినములు తొట్టిలో నుంచి చూడవలెను, లోదెబ్బ తిన్నది మరునాడు చచ్చును గనుక. తల తిరిగి తేలిన చేపను కొంగ యెత్తుకొనిపోవుటయు లెక్కలోనిదే.

అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలవారు సుమారు 9 సెంటీమీటర్ల కృత్రిమ చేపను చేసిరి. అది చక్రము దాటుచు ఒత్తిడిని, కుదుపును సెకనుకు రెండువేల సార్లు వ్రాసికొనును. అది గండమును కొలుచును గాని, చచ్చుట యెరుగదు. కృష్ణలో కొలువదలచినచో వాలుగను, బొచ్చెను, జెల్లను, వరదలో నొకసారి, వేసవిలో నొకసారి విడిచి పట్టవలెను. ఆ వల వేయుటకు చేయి తిరిగినవారు నదీతీర గ్రామములలోనే యున్నారు.