మోకాటి చిప్ప విరిగితే



కోటప్పకొండ మన పల్నాడులో అందరికీ తెలిసిన కొండ. శివరాత్రి తిరునాళ్లకు ఊరూరా ప్రభలు కట్టుకుని వస్తారు. కొండ మీదికి బస్సులు పోయే ఘాట్ రోడ్డు ఉంది. మెట్ల దారి కూడా ఉంది. మొక్కు ఉన్నవాళ్లు మెట్లే ఎక్కుతారు.

ఒకామె దర్శనం చేసుకుని మెట్లు దిగుతోంది అనుకుందాం. చీర కుచ్చెళ్లు కాలికి అడ్డం పడ్డాయి. ముందుకు పడింది. మోకాలు రాతికి కొట్టుకుంది. చూస్తుండగానే వాచిపోయింది. "బెణికిందిలే, పట్టు వేస్తే పోతుంది" అన్నారు పక్కవాళ్లు. అది బెణుకా? మోకాటి చిప్ప విరిగిందా? ఎట్లా తెలుస్తుంది?

మోకాటి చిప్ప అంటే మోకాలి ముందు ఉండే గుండ్రటి చిన్న ఎముక. బావి మీద గిలక చూశారు కదా! చేంతాడు గిలక మీదుగా పోతే బొక్కెన తేలిగ్గా పైకి వస్తుంది. చిప్ప పని కూడా అట్లాంటిదే. తొడ ముందు కండ చిప్పను పట్టుకుని ఉంటుంది. చిప్ప కింద నుంచి ఒక గట్టి పట్టీ కాలి ఎముకకు పోతుంది. తొడ కండ లాగితే కాలు చాపుకుంటుంది.

చిప్ప రెండు ముక్కలైతే చేంతాడు తెగినట్లే. కండ పై ముక్కను పైకి లాగేస్తుంది. మధ్యలో సందు పడుతుంది. అప్పుడు కాలు చాపి పైకి ఎత్తమంటే ఆమె ఎత్తలేదు. ఇది పెద్ద గుర్తు. కాలు ఎత్తగలిగినా చిప్ప చిట్లి ఉండవచ్చు. ఎక్స్‌రే తీస్తేనే సంగతి తేలుతుంది.

దెబ్బ తగలగానే ఆమెను నడిపించకూడదు. మోకాలు తోమకూడదు, లాగకూడదు. కాలు చాపి, కింద చెక్క పెట్టి, కదలకుండా మెత్తగా కట్టాలి. ఐసు దొరికితే బట్టలో చుట్టి పెట్టాలి. 108కి ఫోన్ చేయాలి. ఆ అంబులెన్సుకు డబ్బు కట్టక్కర్లేదు.

ఎముక విరిగితే కట్టు కట్టించడం మనకు పాత అలవాటు. పుత్తూరు కట్టుకు ఎంత పేరుందో తెలుసు కదా! కాని చిప్ప ముక్కలు ఎడంగా జరిగితే పైనుంచి కట్టే ఏ కట్టూ వాటిని కలపలేదు. లోపల కండ లాగుతూనే ఉంటుంది. అందుకే డాక్టరు ఆపరేషన్ చేసి, సన్నని తీగతో ముక్కలను దగ్గరికి బిగిస్తారు. ముక్కలు జరగకపోతే ఆపరేషన్ అక్కర్లేదు. 4 నుంచి 6 వారాలు కాలు చాపి ఉంచే కట్టు వేస్తారు.

కట్టు విప్పాక అసలు పని మొదలవుతుంది. ఎముకను డాక్టరు అతికిస్తారు. మోకాలు మళ్లీ వంగాలంటే మాత్రం వ్యాయామం చేయాలి. కదలకుండా ఉన్న మోకాలు బిగుసుకుపోతుంది. తొడ కండ సన్నబడిపోతుంది. డాక్టరు చెప్పిన రోజు నుంచి పడుకుని మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకోవాలి. దాన్ని మోకాలితో నొక్కి, 5 అంకెలు లెక్కపెట్టి వదలాలి. పాదం పైకీ కిందికీ ఆడించాలి. తర్వాత కాలు చాపి ఎత్తడం, కొంచెం కొంచెంగా వంచడం నేర్పిస్తారు. కాస్త నొప్పి ఉంటుంది. నొప్పికి భయపడి మానేస్తే మోకాలు కర్రలా ఉండిపోతుంది. తొందరపడి బలవంతాన వంచినా ప్రమాదమే.

మెట్ల దగ్గర ఒక మాట గుర్తుంచుకోవాలి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు.

పిక్క వాచి నొప్పి పుట్టినా, కాలి వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, కుట్ల దగ్గర చీము పట్టినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆయాసం వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. పథ్యం పేరుతో కడుపు మాడ్చకూడదు. పాలు, గుడ్లు, పప్పు, రాగి జావ, ఆకుకూరలు తినాలి.

బలం పూర్తిగా రావడానికి 6 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోగా మిరప కోతలు వస్తాయి. పత్తి తీతలు వస్తాయి. "ఎన్నాళ్లు మంచాన ఉంటావు?" అనే మాటా వస్తుంది. గొంతుక్కూర్చుని చేసే పనులకు ఆమెను తొందరపెట్టకూడదు. నీళ్లు మోయడం, ఇల్లు తుడవడం మగవాళ్లూ చేయవచ్చు. దొడ్డికి పోవడానికి మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ ఏర్పాటు చేయాలి.

కోటప్పకొండ గొల్లభామ కథ మనకు తెలుసు. ఆమె రోజూ కొండెక్కి శివుణ్ణి కొలిచేది. నిండు గర్భిణి అయింది, ఎక్కలేకపోయింది. అప్పుడు శివుడు తానే దిగి వస్తానన్నాడట. ఎక్కలేని ఆడదాని కోసం దేవుడే దిగాడని కథ చెబుతోంది. ఇంట్లోవాళ్లు ఒక చెంబు నీళ్లు అందించలేరా?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీని ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆపరేషన్ దాని కింద జరుగుతుందేమో చేరేముందే ఆసుపత్రిలో అడగండి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు వెంట తీసుకుపోండి.

మీరు చదువు నేర్చుకున్నారు. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎక్స్‌రే తీసిన తేదీ, మళ్లీ రమ్మన్న తేదీ మీ చేత్తో రాసుకోండి. వ్యాయామం రోజుకు ఎన్నిసార్లు చేశారో గీతలు గీయండి. ఆ పుస్తకం డాక్టరుకు చూపించండి. చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ అడగండి. కాలు మీది, అడిగే హక్కూ మీదే.