యంత్రమునకు మతిమఱపు

నలువదియేండ్లు బడిపిల్లలకు పాఠము మఱవవలదని చెప్పినవాడను. నేడు ఒక యంత్రము మఱచిన కథను మీకు చెప్పబోవుచున్నాను. మఱచిన యంత్రము నాది. దాని జబ్బును కనిపెట్టినవాడు నా పూర్వశిష్యుడు. చికిత్స జరిగిన చోటు మన విశాఖపట్టణమున, గాజువాక దాపుననున్న ఆటోనగరు. లారీల మ్రోత, సమ్మెట పోట్లు, వెల్డింగు మెఱపులు, వీని నడుమ ఒక చిన్నగదిలో అతడు కంప్యూటర్లను బాగుచేయుచుండును.

ఉద్యోగము విరమించిన నాటనుండి నేను ఊరూర తిరిగి జనుల నోటనున్న మాటలను ప్రోగుచేయుచున్నాను. మొదట నోటుపుస్తకములలో వ్రాసికొని, పిమ్మట కంప్యూటరులోనికి ఎక్కించెడివాడను. వయసు మీదపడిన కొలది ఈ రెండుపనులు భారమై, కడపటి సంవత్సరమున విన్నమాటను విన్నట్లే యంత్రములో వ్రాయసాగితిని. నా తప్పు అక్కడనే ఉన్నది. దానిని తరువాత చెప్పెదను.

ఒకనాడు 'కడప' అని వ్రాసినచోట 'గడప' అని కనబడెను. కడప పేరు గడపనుండియే వచ్చినదని పెద్దలు చెప్పుదురు గనుక నా చేయియే ఆ దారిని పోయినదనుకొంటిని. కొన్నాళ్లకు 'తాత' 'దాత' యయ్యెను. పరుషములు సరళములగుట వ్యాకరణము చదివినవారికి వింతకాదు. యంత్రమునకు గసడదవాదేశము పట్టుపడినదని నవ్వుకొంటిని. మఱికొన్నాళ్లకు 'కారు' 'కాలు' ఆయెను. రలలకు భేదము లేదను మాట ఉన్నదికదా యని సమాధానపడితిని. కాని 'నడక' 'పడక' యయిననాడు నాకు నవ్వు రాలేదు. నకారము పకారమగుటకు నేనెఱిగిన ఏ వ్యాకరణమునను సూత్రము లేదు.

యంత్రమును ఆటోరిక్షాలో పెట్టుకొని ఆటోనగరు చేరితిని. శిష్యుడు నా తప్పుల పట్టికను చూచి, ఒక కాగితముపై అంకెలు వేయసాగెను. యూనికోడు అను లిపిసంకేతమున మన ప్రతియక్షరమునకు ఒక సంఖ్య కలదు. కకారము 3093, గకారము 3095. తకారము 3108, దకారము 3110. రేఫము 3120, లకారము 3122. నకారము 3112, పకారము 3114.

"చూశారా మాస్టారూ, అన్నిటికీ రెండే తేడా. చెయ్యి తప్పితే ఇంత లెక్కగా తప్పదండి. ర్యాములో ఒక బిట్టు ఒకటి మీద బిగుసుకుపోయింది. సున్నా రాసినా అది ఒకటే చెబుతోంది" అనెను.

నేను లెక్కలలో వెనుకబడినాడని మందలించిన పిల్లవాడు వాడు! నా వ్యాకరణము చేయలేని పనిని వాని లెక్క చేసెను.

ఇచట కొంచెము శాస్త్రము చెప్పవలసియున్నది. కంప్యూటరులో రెండువిధములగు జ్ఞాపకములు కలవు. డిస్కు పుస్తకమువంటిది, విద్యుత్తు పోయినను అందలి వ్రాత నిలుచును. ర్యాము పలకవంటిది, పని జరుగుచున్నంతసేపే అందు వ్రాత యుండును. పుస్తకములోని పాఠమును పలకపైకి దింపి, దిద్ది, మరల పుస్తకమునకెక్కించుటయే యంత్రము చేయుపని. పలకపై ఒకచోట బీటయున్నచో, మంచి పాఠము దిగి చెడుపాఠము ఎక్కును. నా పదకోశమునకు జరిగినదదియే.

ఈ పలకయందలి ప్రతిగడియు ఒక మిక్కిలి చిన్న కుండ, దానికొక తలుపు. కుండలో విద్యుత్తున్న ఒకటి, లేకున్న సున్న. ఈ యేర్పాటును 1966లో ఐబీఎం సంస్థయందలి రాబర్టు డెన్నార్డు ఊహించెను. 1968లో దానికి పేటెంటు లభించెను. ఈ కుండలన్నియు కారుకుండలే. అందుచేత సాధారణముగా సెకండులో పదునాఱవవంతు గడువులోపల ప్రతికుండను చూచి, నిండినదానిని మరల నింపుచుండవలెను. బాలుడు వల్లెవేయుట మానిన పాఠము పోయినట్లే, ఈ వల్లెవేత ఆగిన ర్యాము సర్వమును మఱచును. ఎనిమిది గిగాబైట్ల ర్యాములో ఇట్టి కుండలు 6,800 కోట్లకు పైగా ఉన్నవి. నా యంత్రమున అందులో ఒక్కటి చెడెను.

తప్పులన్నియు కుండ చెడుటవలననే రావు. చిప్పును కప్పిన పదార్థములోని లేశమాత్రపు రేడియోధార్మికతవలన వెలువడు ఆల్ఫాకణములు సైతము ఒకటిని సున్న చేయగలవని 1978లో ఇంటెలు సంస్థవారగు మే, వుడ్సు చూపిరి. అట్టి తప్పు ఒకమాఱు వచ్చి పోవును. అదేచోట అదేవిధముగా మరల మరల వచ్చునది మాత్రము వ్యాధియే.

శిష్యుడు చేసిన చికిత్సాక్రమమును చెప్పెదను. ముందుగా విద్యుత్తు తీగను ఊడదీసెను. పెట్టె లోహమును చేతితో తాకెను. మన శరీరముననుండు స్థిరవిద్యుత్తు చిప్పులకు ప్రాణాంతకమట. రెండుకొనల పట్టులను విడిచి ర్యామును అంచులు పట్టుకొని తీసెను. దాని బంగారుపూత పండ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపెను. సముద్రపుగాలి, కర్మాగారముల దుమ్ము కలిసిన మన యూరిలో సగము ర్యాముల జబ్బు ఇంతటితోనే కుదురునని వాడు చెప్పెను. పూత పలుచనిది గనుక గట్టిగా రుద్దరాదు.

నా ర్యాము అంతటితో కుదురలేదు. పిమ్మట ఒక పరీక్షాప్రోగ్రామును రాత్రియంతయు నడిపెను. అది ప్రతిగడిలో ఒకట్లను సున్నలను వ్రాసి, తిరిగి చదివి, పోల్చిచూచును. తెల్లవారునప్పటికి ప్రతిపర్యాయమును ఒకే చిరునామా ఎఱ్ఱగా నిలిచెను. ర్యామును వేఱు గాడిలో పెట్టిచూడగా తప్పు దానివెంటనే పోయెను. కావున దోషము గాడిది కాదు, ర్యాముదే. లోపలి కుండను అతుకువేయు ఉపాయము లేదు. చెడినచోటును వాడవద్దని లినక్సువంటి వ్యవస్థలకు చెప్పవచ్చునట. తాటియాకులో పురుగుతిన్న చోటును విడిచి పక్కన వ్రాసిన లేఖకునివలె అది దాటిపోవును. నేను క్రొత్త ర్యామునే వేయించితిని.

ఇక నా మనస్సున నాటినది మఱియొకటి. వేదపండితులు ఘనపాఠమున ఒకటిరెండు, రెండొకటి, ఒకటిరెండుమూడు, మూడురెండొకటి, ఒకటిరెండుమూడు అని పదములను ముందువెనుకలుగా వల్లింతురు. ఒక్కపదము తప్పినచో చుట్టుపదములే దానిని పట్టియిచ్చును. 1950లో రిచర్డు హామింగు అను గణితజ్ఞుడు యంత్రములకు తప్పుదిద్దు సంకేతమును ప్రకటించెను. ఆ మార్గముననే నేటికిని పెద్ద సర్వరులయందలి ర్యాములలో వ్రాతబిట్లకు తోడు మఱికొన్ని బిట్లు కావలియుండును. ఒక తప్పును దిద్దును, రెండు తప్పులను చూపును. మన యిండ్లలోని యంత్రములకు సాధారణముగా ఆ కావలి లేదు. తప్పు చేసియు ధీమాగా చదువు విద్యార్థులవంటివవి.

ఇంటికివచ్చి, నోటుపుస్తకములతో పదకోశమును పోల్చితిని. ముప్పదియేడు తప్పులు దొరకెను, అన్నిటిని దిద్దితిని. వారము వారము పెన్‌డ్రైవులో దాచిన నకలు నన్నాదుకొనలేదు. పాతనకలుపైననే క్రొత్తనకలు వేయుచుంటిని గనుక తప్పును భద్రముగా దాచినవాడనైతిని.

కాని కడపటి సంవత్సరపు మాటలకు నోటుపుస్తకము లేదు. అందొకటి గంగవరమున ఒక ముసలి జాలరి పడవపని చేయుచు నాకు చెప్పినది. యంత్రములో అది దకారముతో మొదలగుచున్నది. అతడు పలికినది దకారమో, తకారమో? అడుగుదమని పోగా, ఆయన కాలముచేసి రెండునెలలాయెనని చెప్పిరి. కుమారుని అడిగితిని. "అయ్య వాడేవోడండి, మాకు తెలీదు" అనెను.

ర్యాము ఖరీదు నాకు పెద్దలెక్క కాదు. ఆ యక్షరము ఖరీదు ఎవరికట్టగలరు? ఊహించి దిద్దుట సులభమే. అయినను పూర్వపరిష్కర్తలు గ్రంథపాతమున్నచోట చుక్కలుపెట్టి విడిచిన రీతిని, ఆ మాట మొదట ఒక చుక్కయుంచి విడిచితిని.

శ్రోతలారా! మీ యంత్రము నిలిచిపోయిన భయపడకుడు. అది తన జబ్బును చెప్పుకొనుచున్నది. నడుచుచునే ఒక్కయక్షరము మార్చినచో జాగ్రత్తపడుడు. నకలుపై నకలు వేయక పాతనకలును వేఱుగా ఉంచుడు. అన్నిటికంటె ముందు, పెద్దలనుండి విన్నమాటను ఒకమాఱు చేతితో కాగితముపై వ్రాసి, వారు బ్రతికియుండగనే వారికి చదివి వినిపింపుడు. అంతకు మించిన తప్పుదిద్దు సంకేతము నాకు తెలిసినంతవఱకు లేదు.