వీసా మీద మీ పని పేరు ఏమని ఉంది?

ఈ ఎపిసోడ్ గల్ఫ్‌కి వెళ్లబోతున్న అన్నల కోసం, తమ్ముళ్ల కోసం. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి.

మా ఊళ్లో ఒక అన్న ఎనిమిదేళ్లు వైరింగ్ పని చేశాడు. ఏజెంట్ ఎలక్ట్రీషియన్ జాబ్ అని చెప్పి సౌదీ పంపించాడు. అక్కడ దిగాక ఇచ్చింది ఇటుకలు మోసే పని. ఎందుకంటే వీసా మీద అరబిక్‌లో ఒట్టి ‘ఆమిల్’ అని ఉంది. అంటే లేబర్. ఎలక్ట్రీషియన్‌ని ‘కహ్రబాయి’ అంటారు. ఆ ఒక్క పదం చదవలేక రెండేళ్లు పోయాయి.

అందుకే వీసా కాపీ రాగానే ఫోన్ తీయండి. గూగుల్ లెన్స్‌లో పెడితే అర్థం వచ్చేస్తుంది. డబ్బు కట్టకముందే చూడాలి, ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాక కాదు.

రెండోది, స్కిల్. పని వస్తే సరిపోదు, వచ్చని చూపించాలి. సౌదీకి ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటి వీసాలకి ఇండియాలోనే స్కిల్ టెస్ట్ పాస్ అవ్వాలి. థియరీ, ప్రాక్టికల్ రెండూ ఉంటాయి. ‘నీకు టెస్ట్ అక్కర్లేదులే’ అని ఏజెంట్ అన్నాడా? వీసా మీద పని పేరు ఇంకోసారి చూడండి.

మూడోది, భాష. సైట్‌లో హిందీతో చాలావరకు నడుస్తుంది. కఫీల్ దగ్గర, హాస్పిటల్లో ప్రతిసారీ నడవదు. మనకి మాఫీ అంటే రుణమాఫీ గుర్తొస్తుంది. గల్ఫ్‌లో మాట్లాడే అరబిక్‌లో ‘మాఫీ’ అంటే ‘లేదు’. ‘షహర్’ అంటే ఊరు కాదు, నెల. ‘రాతిబ్’ అంటే జీతం. ఇప్పుడు ఎవరైనా ‘హాదా షహర్ రాతిబ్ మాఫీ’ అన్నారనుకోండి. ఈ నెల జీతం లేదని! అర్థం కాక నవ్వి తలూపితే ఒప్పుకున్నట్టే కదా. ఒంట్లో బాగోకపోతే ‘తాబాన్’ అనాలి. రోజుకి ఐదు పదాలు నేర్చుకోండి, రెండు నెలల్లో మూడొందలు అవుతాయి.

చివరగా, ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చెక్ చేయండి. రూల్ ప్రకారం అతను తీసుకోవాల్సిన సర్వీస్ ఛార్జ్ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించకూడదు. రసీదు అడగండి. ఇవ్వనంటే అక్కడే ఆగిపోండి.

లైక్ కొట్టకపోయినా పర్లేదు, పాస్‌పోర్ట్ పట్టుకుని తిరుగుతున్న ఒక్కరికి ఇది పంపండి.