నల్లపెట్టె, ఎర్రచుక్క

మన దివిసీమ పిల్లలకు ఉద్యోగంలో చేరగానే కంపెనీ ఇచ్చే నల్లటి ల్యాప్‌టాప్ థింక్‌ప్యాడ్ కావచ్చు. 1992లో ఐబీఎం 700సీతో ఈ పేరుకు గుర్తింపు తెచ్చింది. దాన్ని జపానులోని యమాటో ప్రయోగశాల ఇంజినీర్లు తయారుచేశారు. జపాను భోజనం డబ్బాలా నల్లగా, చదరంగా రూపమిచ్చింది జర్మన్ డిజైనర్ రిచర్డ్ సాపర్.

కీబోర్డుపై జీ, హెచ్, బీ అక్షరాల నడుమ, మౌస్‌కు బదులుగా తెరపై బాణాన్ని కదిపే ఎర్రచుక్క పరిశోధకుడు టెడ్ సెల్కర్ ఆలోచన. మౌస్ కోసం చెయ్యి తీస్తే సమయం పోతుందని ఆయన గమనించారు. టైపు చేసేవాళ్ల కష్టాన్ని ఇంత శ్రద్ధగా చూడటం నాకెంతో నచ్చుతుంది. కీబోర్డుపై నీళ్లొలికితే అడుగునుంచి జారిపోయే ఏర్పాటూ చాలా మోడళ్లలో ఉంది. అంతరిక్ష కేంద్రానికీ ఇవి వెళ్లాయి.

2005లో థింక్‌ప్యాడ్ వ్యాపారాన్ని ఐబీఎం నుంచి చైనా సంస్థ లెనోవో కొన్నది. విడిభాగాలు మార్చే పద్ధతిని కంపెనీయే వివరంగా ఇస్తుంది కనుక, పాతవి కొన్న విద్యార్థులూ బాగుచేయించుకుని వాడుకోవచ్చు.