భరించు దేవుడు

వాక్యభాగము: యెషయా 46:3, 4

 

మంచాన పడిన పెద్దవారు తరచుగా అనే మాట ఒకటుంది. "నేను మీకు భారమైపోయాను. దేవుడు నన్నెందుకు తీసుకుపోడు?" ఆ మాట వినబడని కుటుంబాలు మన మధ్య అరుదు. పక్కన నిలబడిన పిల్లలు పైకి అనకపోయినా, కొన్నిసార్లు లోలోపల అదే అనుకుంటారు. చేతిలో డబ్బు అయిపోతుంది. కంటికి నిద్ర ఉండదు. ఓపిక నశిస్తుంది. అటువంటి ఇంటిలో ఉన్నవారి కోసమే ఈనాటి వర్తమానము.

యెషయా 46వ అధ్యాయములో రెండు దృశ్యములున్నవి. మొదటిదానిలో బబులోనువారు కొలిచిన బేలు, నెబో అను వాటి ప్రతిమలను పశువులమీద ఎక్కించారు. ఆ బరువుకు పశువులు సొమ్మసిల్లుతున్నాయి. రెండవదానిలో ఇశ్రాయేలు దేవుడు తన ప్రజలను తల్లి గర్భము మొదలుకొని తల నెరిసే దినముల వరకు తానే ఎత్తుకొని మోస్తానంటున్నాడు. గమనించండి, ప్రియులారా! గర్భము, ముదిమి. మనిషి తన కాళ్లమీద తాను నిలువలేని కాలములు ఈ రెండే. ఆ రెండింటినీ దేవుడు ప్రత్యేకంగా పేర్కొన్నాడు.

లోకము మనిషిని మరొక విధముగా తూస్తుంది. సంపాదించగలడా? మాట్లాడగలడా? మనలను గుర్తుపట్టగలడా? లేకపోతే ఆ బ్రతుకుకు విలువేమిటి అంటుంది. ఆదికాండము 1:27 ప్రకారము నరుడు దేవుని స్వరూపమందు సృజింపబడ్డాడు. ఆ స్వరూపము తెలివితో వచ్చి, జ్ఞాపకశక్తితో పోయేది కాదు.

ముంబయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు ఉండేది. 1973 నవంబరు 27న అక్కడ పనిచేసే వార్డుబాయ్ ఒకడు ఆమె మెడకు గొలుసు బిగించి అత్యాచారము చేశాడు. మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె మంచాన పడిపోయింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. తరువాత 41 సంవత్సరములకు పైగా ఆ ఆస్పత్రిలోనే ఉంది. ఆమె స్థితి చూసి జాలిపడిన రచయిత్రి పింకీ విరానీ, ఆమెకు ఆహారమివ్వడం ఆపి ప్రశాంతముగా చనిపోనివ్వమని సుప్రీంకోర్టును అడిగింది. నర్సులు మాత్రం ఒప్పుకోలేదు. "ఆమె మాది, మేము చూసుకుంటాము" అన్నారు. అన్నేళ్లుగా మంచానికే అంటుకొని ఉన్నా ఆమె ఒంటిమీద ఒక్క పుండు కూడా పడలేదని వైద్యులు కోర్టుకు తెలియజేశారు. ప్రియులారా, మంచాన పడినవారిని చూసుకొన్నవారికి ఆ మాట అర్థమవుతుంది. ఎన్ని రాత్రులు ఒత్తిగిలజేస్తే, ఎన్నిసార్లు ఒళ్లు తుడిస్తే అది సాధ్యము! 2011 మార్చి 7న కోర్టు ఆ విన్నపమును తోసిపుచ్చింది. 2015 మే 18న న్యుమోనియాతో ఆమె కన్నుమూసింది.

ఆ నర్సులందరూ మన సంఘములకు చెందినవారు కారు. చాలామంది ఆమె ఆరోగ్యముగా ఉండగా చూసినవారు కూడా కారు. మత్తయి 25వ అధ్యాయములో ప్రభువు మెచ్చుకొన్న పని వారు చేశారు. మరి ఆ వాక్యము చదువుకొనే మనమో?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. "అయ్యగారూ, వెంటిలేటరు తీసివేయమంటే అది పాపమా?" అని ఐ.సి.యు. బయట బంధువులు అడుగుతారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, కోలుకోలేని స్థితి వస్తే ప్రాణాధార చికిత్స వద్దని ముందుగా వ్రాసిపెట్టుకొనే వీలు కల్పించింది. 2023లో ఆ పద్ధతిని సులభము చేసింది. ప్రాణము తీసే సూది వేయడానికి మాత్రము మన చట్టము ఒప్పుకోదు. ఈ రెండింటి మధ్య భేదము మనము తెలుసుకోవాలి. మరణము సమీపించినప్పుడు, ఫలితము లేని యంత్రములను ఆపి, నొప్పి తగ్గించి, ప్రార్థనతో ప్రభువు చేతికి అప్పగించుట అవిశ్వాసము కాదు. మరణము ఆయన చేతిలో ఉన్నదని ఒప్పుకొనుటే అది. కానీ "ఈ ప్రాణము మనకు భారము, త్వరగా పోతే బాగుండును" అని చికిత్స ఆపుట వేరు. బయటికి రెండూ ఒకేలా కనబడవచ్చు. హృదయమును చూచువాడు దేవుడు. స్కానింగులో ఆడపిల్ల అనో, అంగవైకల్యమనో తెలిసి గర్భములోనే త్రుంచివేయుటకు కారణము కూడా ఆ "భారము" అన్న మాటే.

సంఘస్థులారా, ప్రాణము విలువైనదని ప్రసంగించుట సులువు. ఒక కోడలు మూడేళ్లుగా అత్తగారికి ఒంటరిగా సేవచేస్తూ ఉంటే, ఆదివారము ఆమె ఆరాధనకు రావడము లేదని అడిగితే చాలదు. ఆ పూట మనలో ఒకరు వెళ్లి ఆ మంచము దగ్గర కూర్చోవాలి. మందుల ఖర్చులో పాలు పంచుకోవాలి. ఒకరి భారములు ఒకరు భరించుమని గలతీ 6:2లో పౌలు చెప్పింది ఇదే.

మంచముమీద ఉండి ఈ మాటలు వింటున్న తల్లీ, తండ్రీ, మోయబడుట అవమానము కాదు. మన ప్రభువును బేత్లెహేములో మరియ ఎత్తుకొంది. సిలువనుండి దించిన తరువాత అరిమతయియ యోసేపు, నీకొదేము ఆయన దేహమును మోశారు. లోకమునంతటిని భరించువాడు మనుష్యుల చేతులలో మోయబడుటకు ఒప్పుకొన్నాడు. మీరు ఆయనకు భారము కారు.

ప్రార్థన చేద్దాము. ప్రేమగల తండ్రీ, గర్భమునుండి మమ్మును ఎత్తుకొన్నవాడవు నీవే. నేడు మంచాన ఉన్నవారిని ఓదార్చుము. వారికి సేవచేయు చేతులను బలపరచుము. ఆ భారములో పాలుపొందు మనస్సు మాకు దయచేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.