పాత స్టేషనులో కొత్త బల్లలు



రైలు ప్రయాణమున బండి యెక్కుటకంటె దానికొరకు వేచియుండుటయే వృద్ధులకు కష్టము. బండి గంటసేపు ఆలస్యమైనచో పడుచువాడు నిలువగలడు. మోకాళ్ల నొప్పి గల ముదుసలి యేమి చేయగలదు? కావున నేడు స్టేషనులలో కూర్చుండు బల్లలను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. ఇది చిన్న సంగతి యని తలంపవలదు.

హైదరాబాదులోని కాచిగూడ స్టేషను 1916వ సంవత్సరమున, నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానుగారి పాలనమున నిర్మింపబడినది. గుమ్మటములును మీనారులును దానికి శోభ. ఘోషా స్త్రీలు పరుల కంటబడక రైలెక్కుటకు అందు ప్రత్యేకమైన ఏర్పాటుండెడిది. వచ్చిపోవువారి యవసరమును ముందుగా నెరిగి కట్టిన కట్టడమది. 1874లో రైలు మొదట చేరిన సికిందరాబాదున పాత స్టేషను కట్టడమును 2025లో పడగొట్టిరి. కావున మిగిలినదానిని కాపాడుకొను భారము మనకు హెచ్చినది.

ఇచటనే చిక్కు కలదు. పాత గోడలకు మేకులు దిగగొట్టి, నేలను త్రవ్వి బల్లలు పాతినచో కట్టడము చెడును. బల్లలే వేయకున్న మనుష్యులు బాధపడుదురు. రెంటికిని హాని లేని మార్గమేది?

మన యెద్దుబండిని చూడుడు. చక్రములో నొక ఆకు విరిగినచో బండిని పారవేయము. వడ్రంగి యా యాకునే మార్చును. బల్లయు నట్లే యుండవలయును. కాళ్లు, పీట, వీపు నానించు పలక, చేతిపట్టు వేరువేరుగా ఒకే కొలతకు చేసి మరలతో బిగింపవలెను. త్రోపుడులో నొరగకుండ పాదములు బరువుగా నుండవలెను. అప్పుడు నేలను త్రవ్వ నక్కరలేదు. విరిగిన భాగము నొక్కదానినే మార్చవచ్చును. పండుగ రద్దీకి బల్లలను జోడించి పిదప విడదీయవచ్చును.

పీట నేలనుండి సుమారు 18 అంగుళముల యెత్తున నుండుట మేలు. మిక్కిలి పల్లమైనచో లేచుట కష్టము. చేతిపట్టు లేని బల్ల వృద్ధునకు సగము బల్లయే. కాని ప్రతి పీటకును పట్టు పెట్టినచో పసిబిడ్డను పరుండబెట్టు తల్లికి చోటుండదు. కావున కొన్ని పట్టులతోను, కొన్ని పట్టులు లేకయు నుండవలెను. నడుమ చక్రాల కుర్చీకి చోటు విడువవలెను. భాగములుగా చేసిన బల్లలతో ఇది సులభసాధ్యము.

ఇందులకు దూరదేశముల వారిని ఆశ్రయింప నక్కరలేదు. నగరములోని బాలానగరు కార్ఖానాలకు పేరొందినది. ఐక్యరాజ్యసమితి సహాయముతో భారత ప్రభుత్వము 1968లో అచట పనిముట్ల రూపకల్పనకు కేంద్రీయ సంస్థను నెలకొల్పినది. అచ్చులను పరికరములను కొలత తప్పక చేయు విద్య అచట నేర్పుదురు. ఇట్టి బల్లలకు కొలతయే ప్రాణము. ఆ కొలత నెరిగిన పనివారు మన చెంతనే యున్నారు.

పూర్వము మన యిండ్ల వీథియరుగులు బాటసారిని, నీ వెవ్వడవని యడుగకయే కూర్చుండబెట్టెడివి. స్టేషను పట్టణమునకు వీథియరుగు వంటిది. మీరు ప్రయాణమై పోయినపుడు అచటి బల్లల యెత్తును, పట్టును పరికింపుడు. లోపమున్నచో స్టేషను మాస్టరుగారికి వ్రాతమూలముగ తెలుపుడు. పెద్దల మాట యూరక పోదు.